మేనత్త జ్వరం

"మా వంశంలో గుండెజబ్బు ఎవరికీ లేదు. ముందే చెబుతున్నా," అంది అమ్మ, నాలుగోసారి.

ఎవరికి చెబుతోందో మాత్రం చెప్పదు. ఎదురుగా ఉన్నది గోడ. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మ. పక్క బెంచీ మీద మా మరదలు. అమ్మ బొమ్మకేసి చూస్తూ కోడలిని అంటోంది. మా అమ్మకి అదొక విద్య.

మరదలు పాప దుప్పటి ఒళ్లో పెట్టుకుని, దాని అంచు మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ కూర్చుంది. దుప్పటి ఇక్కడుంది, పాప అద్దాల తలుపు వెనకాల ఉంది. ముక్కులో గొట్టం, నాలుగు నెలల ఒంటి మీద ఎటు చూసినా తీగలే.

"అమ్మా, ఇప్పుడు అవసరమా ఈ మాటలు?" అన్నాడు తమ్ముడు.

"మరి ఎప్పుడవసరం? మీ ఇళ్లల్లో పసిపిల్లలెవరైనా పోయారా అని డాక్టరమ్మ అడిగింది కదా. తలూపింది ఎవరు? నేనా?"

తలూపింది మరదలు. తను పుట్టకముందే ఒక అన్న ఐదో నెలలో పోయాడట. ఎందుకు పోయాడో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. పాలు తాగుతూ తాగుతూ పోయాడు, అంతే. ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? సంబంధం కలుపుకునేటప్పుడు ఎవరైనా చెప్పుకునే మాటా అది?

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన చూసినా నేను సగం నోరైనా తెరవాలి. తెరవలేదు. నిజానికి నా నోట్లో నువ్వుగింజ నానదు. రొట్టె కంటే ముందు ఈవిడ మాట చేతిలో పెడుతుందని మా బేకరీకి వచ్చేవాళ్లందరూ నవ్వుకుంటారు. అలాంటిదాన్ని పొద్దుటి నుంచీ తేలుకుట్టిన దొంగలా ఈ బెంచీకి అతుక్కుని ఉన్నాను.

బట్టీ పనితో రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. అందుకేనేమో ఈ వరండా అంతా నీళ్లలో మునిగినట్టు కనిపిస్తోంది. నర్సులు నడుస్తుంటే అడుగుల చప్పుడు కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. కిటికీలోంచి పడ్డ ఎండ నేల మీద పలకలు పలకలుగా పరుచుకుని, నేను చూస్తుండగానే మెల్లగా మరదలి కాళ్ల వైపు జరుగుతోంది.

మా పాపకి ఇంకా పేరు కుదర్లేదు. అమ్మకి నచ్చింది మరదలికి నచ్చదు, మరదలికి నచ్చింది తమ్ముడికి నోరు తిరగదు. ఈలోగా నేను మైదాముద్ద అన్నాను, అందరికీ అదే అలవాటైపోయింది. తెల్లగా, మెత్తగా, ఎటు పడుకోబెడితే అటు పరుచుకునేది మరి. రెండు వారాల నుంచి ఆ ముద్ద కరగడం మొదలుపెట్టింది. అది మా కంటికి ఆనలేదు.

మేముండేది బేకరీ పైనే. కింద రొట్టెలు కాల్చే బట్టీ ఉంటుంది. దాని పొగగొట్టం మా పడకగది గోడలోంచే పైకి పోతుంది. ఎంత చలిలోనైనా ఆ గోడకి వీపు ఆనిస్తే చెమట పట్టాల్సిందే. మాకు చెమట ఒక లెక్కలోది కాదు. పాప పాలు తాగుతుంటే నుదురు తడిసిపోయేది. నాలుగు గుక్కలు తాగి, ఆయాసపడి, వదిలేసేది. "బట్టీ వేడే," అంది అమ్మ. "బట్టీ పిల్లవే నువ్వు," అంటూ నేను కొంగుతో నుదురు తుడిచి ముద్దు పెట్టుకున్నాను. మంచాన్ని గోడ దగ్గర్నుంచి కిటికీ పక్కకి జరిపాం. మేం చేసిన వైద్యం అదీ! ఇంకే ఇంట్లోనైనా, పాలు తాగే పిల్లకి ఇంత చెమటేమిటని హడలిపోయేవాళ్లు. మేం మంచం జరిపి చేతులు దులుపుకున్నాం.

ఇవాళ పొద్దున పాప మూలగడం మొదలుపెట్టింది. ఏడుపు కాదు, ప్రతి ఊపిరికీ ఒక చిన్న మూలుగు. పెదాలు బూడిదరంగుకి తిరిగాయి. తమ్ముడు బట్టీలో ట్రేలు అలాగే వదిలేసి పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తాడు. వాడి చేతుల పిండి పాప గౌనుకి అంటుకుంది. ఆ పిండి చేతులతోనే సంతకం పెట్టాడు ఇక్కడ.

గుండెని తెర మీద చూసే గదిలోకి పాపతో ఒక్కరే రావాలన్నారు. మరదలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "నా వల్ల కాదు వదినా. నువ్వు వెళ్లు," అంది.

వెళ్లాను. చల్లగా, చీకటిగా ఉంది ఆ గది. మసక వెలుతురులో డాక్టరమ్మ ముఖం సగమే కనిపిస్తోంది. నేను పాప రెండు పాదాలూ గుప్పిట్లో పట్టుకున్నాను, చల్లగా ఉన్నాయి. తెర మీద బూడిదరంగులో ఏదో కదిలింది. పొగలా పైకి లేచి, కిందకి వాలి, మళ్లీ లేచింది. ఎంతసేపు చూశానో తెలియదు. ఆ ఊగుడు చూస్తుంటే నాకే కళ్లు మూతలుపడ్డాయి. నేనే ఆ బూడిదరంగు గదిలో ఉన్నట్టు, నాలుగు గోడలూ బద్ధకంగా నా చుట్టూ ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది.

"ఇదిగో, ఇది ఎడమ గది. ప్రతిసారీ గట్టిగా పిండాలి. పిండడం లేదు," అంది డాక్టరమ్మ.

"ఇంత పిల్లకి అంత పెద్ద గుండెనా?" అన్నాను, తెలివితక్కువగా.

"ఉండకూడదమ్మా. వాచింది."

అప్పుడు అర్థమైంది నాకు. పొంగిన పిండిని వేలితో నొక్కితే గుంట మళ్లీ పైకి రావాలి. రాకపోతే ఆ పిండిలో జీవం అయిపోయినట్టు. పాతికేళ్లుగా రోజూ నొక్కి చూస్తున్న చెయ్యి ఇది. ఆ గోడ పైకి రావడం లేదు.

తర్వాత డాక్టరమ్మ వరండాలోకి వచ్చి, అందర్నీ నిలబెట్టి రెండు ప్రశ్నలు వేసింది. మొదటిది పసిపిల్లల సంగతి. రెండోది అడిగే ముందు నెమ్మదిగా వివరించింది. పెద్దవాళ్లకి రెండు రోజుల జ్వరం, గొంతునొప్పి తెప్పించి పోయే వైరస్సే ఒక్కోసారి పసిపిల్లల గుండె కండరం దాకా పోతుందట. అందరికీ కాదు, వేలల్లో ఏ ఒక్కరికో. "ఈ నెలలో ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "మాది పదిమంది తినే సరుకు తయారుచేసే ఇల్లు డాక్టరుగారూ. ఒళ్లు వెచ్చబడ్డవాళ్లు మా గడప దాటి పిండి దగ్గరికి రారు. అడగండి ఊళ్లో ఎవర్నైనా."

అది నిజం. మా బేకరీలో అమ్మ పెట్టిన చట్టం అది. దగ్గినా తుమ్మినా వెళ్లి ముందు అమ్మకి చెప్పాలి. చెబితే పైన వెనకగదిలో మూడు రోజులు పడేస్తుంది, కంచం గుమ్మం దగ్గర పెడుతుంది. నాన్న బతికుండగా ఆయన్ని కూడా వదల్లేదు. "ఇంటి యజమానిని నేనే!" అని లోపల్నుంచి అరిచేవాడాయన. "యజమాని దగ్గు కూడా దగ్గే," అనేది ఈవిడ బయట్నుంచి.

"జ్వరం లేదంటే, పుట్టుకతో వచ్చిన లోపమేమో అని కూడా చూడాలి," అంటూ డాక్టరమ్మ మరదలి వంక చూసింది. ఆ చూపులో తప్పేమీ లేదు. కానీ అమ్మ ఆ చూపు వెంటే వెళ్లి మరదలి మీద ఆగింది. అప్పట్నుంచీ అక్కడే ఉంది.

నేను గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను.

నిద్ర కాదు, మెలకువా కాదు. వరండా నిండా సన్నగా పిండి రాలుతున్నట్టుంది. పిండిలో నడుచుకుంటూ మా మెట్లెక్కుతున్నాను. ఒళ్లు కాలిపోతోంది, గొంతులో ముళ్లు. మూడు వారాల కిందటి రోజు అది. మూతికి గుడ్డ కట్టుకుని పొద్దుట్నుంచీ పిండి పిసికాను. అమ్మతో పిండి దుమ్ముకి తుమ్ములొస్తున్నాయని అబద్ధమాడాను. ఎందుకంటే, ఆ వారమే ముద్ద నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టింది. నా ముఖం కనిపిస్తే చాలు, కాళ్లూ చేతులూ ఆడించి బోసినోటితో నవ్వేది. మూడు రోజులు ఆ నవ్వు లేకుండా వెనకగదిలో పడుండాలా? నాకు పెళ్లి కుదర్లేదు, నేనూ పెళ్లికి కుదర్లేదు. ముప్ఫై ఎనిమిదేళ్లకి నన్ను చూసి ఒకరు అలా నవ్వారు.

మెట్లెక్కాను. పాప నన్ను చూసింది. గుడ్డ కట్టిన ముఖం చూసి జడుసుకుని గుక్కపెట్టింది. "నేనేనే పిచ్చిదానా, మీ అత్తని," అంటూ గుడ్డ కిందకి లాగాను. ఏడుపు ఠక్కున ఆగింది. నవ్వింది. చిట్టి పిడికిలి నా నోట్లో పెట్టింది.

"రేపు ఇంకో పిల్ల పుడితే? దానికీ ఇదే గతా?"

అమ్మ గొంతుకి ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ఎండ మరదలి పాదాలు దాటి గోడెక్కింది. తమ్ముడు కాలుకాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నేనేం కాని మాట అన్నాను?" అంటోంది అమ్మ. "తెలిస్తే ముందే చూపించుకునేవాళ్లం కదా. దాచిపెట్టడం ఎందుకూ అంటున్నా."

తమ్ముడు ఆగాడు. పెళ్లాం వైపు తిరిగాడు. "మీ అన్నయ్య సంగతి నాకైనా చెప్పాల్సింది," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

మరదలు దుప్పటి మడవడం ఆపింది. "మీరు కూడానా?" అంది.

వాడు తల దించుకున్నాడు.

"సరే అత్తయ్యా," అంది మరదలు. పొద్దుట్నుంచీ అత్తగారితో అన్న మొదటి మాట అదే. "నా రక్తంలోనే ఉందని తేలితే నేనే వెళ్లిపోతాను. మీ అబ్బాయికి ఇంకెవరినైనా చూసుకోండి. ముందు దాన్ని బతకనివ్వండి. అది ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఇక్కడ ఈ లెక్కలు నేను వినలేను."

నోరా వీపుకి చేటు అంటారు పెద్దలు. నా నోరు వీపుకి చేటు తెచ్చిన రోజులు బోలెడున్నాయి, అన్నీ తట్టుకున్నాను. ఇవాళ నోరు మూసుకున్నందుకు చేటు నాకు కాక మరదలికొచ్చింది. ఇక చాలు అనిపించింది.

"నాకొచ్చింది జ్వరం," అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు.

"మూడు వారాల కింద. రెండు రోజులు. గొంతులో పుళ్లు కూడా వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు."

అమ్మ ముఖంలో మొదట వచ్చింది భయం కాదు, కోపమూ కాదు, నమ్మలేనితనం. "జ్వరంతో పిండి ముట్టుకున్నావా? నా కూతురివై ఉండి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. "మూతికి గుడ్డ కట్టుకున్నానమ్మా."

"పిండి దగ్గర కట్టుకున్నావు. మరి పాప దగ్గర?" అంది మరదలు.

నీరసంగా అడిగింది, ఎంతో దూరం నుంచి పిలిచినట్టు. నేను మరదలి కళ్లలోకి చూడలేకపోయాను. దుప్పటిని చూస్తూ చెప్పాను.

"పాప దగ్గర తీసేశాను. నన్ను గుర్తుపట్టక ఏడ్చింది. నవ్వుతుందని తీసేశాను."

అద్దాల తలుపు వెనకాల ఏదో యంత్రం మూడుసార్లు మోగి ఆగింది. తమ్ముడు నా ముందు దాకా వచ్చి, వెనక్కి తిరిగి, వరండా చివరకి వెళ్లిపోయాడు. అమ్మ సంచీ ఒళ్లోకి తీసుకుని దాని పిడులు రెండూ పట్టుకుని కూర్చుంది. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు కూర్చున్నట్టు. నన్ను తిట్టలేదు. తిడుతుందేమోనని ఎదురుచూశాను. అమ్మ తిట్టకుండా ఉండడం నా జన్మలో అదే మొదటిసారి.

లేచి డాక్టరమ్మ గదికి వెళ్లాను.

అంతా విని, కాగితం మీద ఏదో రాసుకుంది. "ఇది పొద్దునే చెప్పాల్సింది," అంది.

"అవునండీ."

"ఏడవకండి. ఇలాంటి జ్వరం ఎక్కడ్నుంచైనా వస్తుంది. బేకరీకి వచ్చేవాళ్ల నుంచి రావచ్చు, గాలిలోంచి రావచ్చు. మీదే అని నేను అనడం లేదు. పరీక్ష చేస్తే కదా తెలిసేది." పెన్ను మూత పెట్టింది. "ఒక మాట చెబుతాను వినండి. వైరస్ వల్ల వాచిన గుండె అయితే, వాపు తగ్గాక మళ్లీ మామూలుగా కొట్టుకునే అవకాశం ఉంది. అందరు పిల్లల్లోనూ అలా జరుగుతుందని చెప్పను. ఈ రెండు మూడు రోజులూ గడ్డుకాలమే. కానీ అవకాశమైతే ఉంది. కండరమే పుట్టుకతో అలా ఉంటే మాత్రం, ఆ దారి ఇంకా కష్టం."

చాలాసేపు ఆ మాట నా తలకెక్కలేదు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగుతోంది.

"అంటే... నా జ్వరమే అయితే మంచిదా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మంచిదని ఎలా అంటానమ్మా? రెండింటిలో అది నయం అంటాను. పాప పరీక్షల ఫలితాలు తొందరగా పంపమని చెబుతాను. మీ రక్తం కూడా ఇచ్చి వెళ్లండి. సాయంత్రానికి ఎంతో కొంత తెలుస్తుంది."

రక్తం తీసే నర్సు పిడికిలి బిగించమంది. "పిండి పిసికే చెయ్యి తల్లీ, నరాలు వెతుక్కోనక్కర్లేదు," అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వబోయాను. సూది దిగినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి మాత్రం కాదు.

తిరిగొచ్చి బెంచీకి ఈ చివర కూర్చున్నాను. అమ్మ ఆ చివర. ఎండ రంగు మారింది. వరండా అంతా తేనెరంగులో నిలిచిపోయి ఉంది. ఎవరో తాతగారు చక్రాల కుర్చీలో మా ముందు నుంచి వెళ్లారు, ఆయన పాట సన్నగా మలుపు దాకా వినిపించింది. ఇదంతా ఎవరి కలో, మేం దారితప్పి ఇందులోకి వచ్చామేమో, కాసేపట్లో వాళ్లు నిద్రలేస్తే అందరం ఇళ్లకి పోతామేమో అనిపించింది.

పక్కన బెంచీ కదిలింది. మరదలు వచ్చి కూర్చుంది.

"డాక్టరుగారు ఏమన్నారు వదినా?"

చెప్పాను. ఒక్క ముక్క దాచకుండా, డాక్టరమ్మ ఎలా చెప్పిందో అలాగే చెప్పాను. మరదలు వింటూ వింటూ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అయితే నువ్వే అయ్యుండాలి," అంది.

నేను తలెత్తి చూశాను.

"నా వల్ల కాకూడదు. నా మీద పడుతుందని కాదు. నా వల్ల అయితే దానికి దారి లేదంటున్నారు కదా. నీ వల్లే అయ్యుండాలి వదినా. పొద్దుట్నుంచీ దేవుణ్ణి ఏం అడగాలో తెలియలేదు నాకు. ఇప్పుడు తెలిసింది."

"నా మీద కోపం లేదా?"

"ఉంది," అంది కళ్లు తెరవకుండా. "చాలా ఉంది. నీ ముఖం చూడబుద్ధి కావడం లేదు. అది ఇంటికొచ్చాక, నీతో ఏడాది పాటు మాట్లాడను. కానీ నువ్వే అయ్యుండాలి."

"రెండేళ్లు మాట్లాడకు," అన్నాను. "నేనూ అదే మొక్కుకుంటున్నాను."

అవును, అదే మొక్కుకున్నాను. చిన్నప్పట్నుంచీ ఏది పగిలినా, ఏది మాడినా, నేను కాదు నేను కాదు అనడమే నాకలవాటు. ఇప్పుడు ఊపిరి ఊపిరికీ, నేనే కావాలి, నా నోట్లోంచే పోయి ఉండాలి, నా పాపమే దాని గుండెలో వాచి ఉండాలి అని అడుక్కుంటున్నాను. నా ఏడుపు విని ఆ చివర్నుంచి అమ్మ లేచింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి మా ఎదురుగా నిలబడింది.

"అది కాకపోతే?" అంది.

ఈసారి ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. మరదలు కాస్త పక్కకి జరిగింది. అమ్మ ఆ ఖాళీలో కూర్చుంది, మా ఇద్దరి మధ్య, ఎవరినీ తాకకుండా.

అద్దాల తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలో కాగితం ఉంది. తమ్ముడు వరండా ఆ చివర్నుంచి పరుగున వచ్చాడు. నలుగురం నిలబడ్డాం. ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి నా దగ్గర ఆగింది.

"మీరు లోపలికి రండి," అంది. "మీరొక్కరే."

"నేను తల్లిని," అంది మరదలు, ముందుకి వచ్చి.

"మీతో తర్వాత మాట్లాడతానమ్మా. ముందు ఈవిడతో మాట్లాడాలి."

ఆ ముఖం చదవాలని చూశాను. కళ్లజోడులో వరండా దీపాలు తప్ప నాకేం కనిపించలేదు. మరదలు నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో తెలియదు. ఇప్పుడు ఒక్కో వేలే వదిలింది. నేను గుమ్మంలో అడుగు పెట్టాను.

"నువ్వేనని చెప్పు వదినా," అంది వెనకనుంచి.